పాపకి తొమ్మిది నెలలు, టెస్టులో రెండు గీతలు: ముందు వారాలు తేల్చుకో, ఆ తర్వాత ఆలోచిద్దాం

ప్రశ్న క్లుప్తంగా ఇది: "నాకు 27 ఏళ్ళు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. పాపకి తొమ్మిది నెలలు, సిజేరియన్ కాన్పు. ఇంకా పాలిస్తున్నాను, నెలసరి మళ్ళీ మొదలవలేదు. పాలిచ్చినన్నాళ్ళూ కడుపు రాదని అందరూ అంటే ఏ జాగ్రత్తా తీసుకోలేదు. నిన్న టెస్టులో రెండు గీతలు వచ్చాయి. మా అత్తగారు 'ఈసారి మగపిల్లాడేమో, ఉంచుకో' అంటున్నారు. మా ఆయన 'నీ ఇష్టం' అని ఊరుకున్నారు. మెడికల్ షాపులో కిట్ దొరుకుతుందట, తెచ్చి వేసుకుంటే సరిపోతుందా? అబార్షన్‌కి భర్త సంతకం కావాలా? పాపకి పాలు మానిపించాలా?"

అమ్మా, నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముందు ప్రసూతి వార్డు నర్సుగా, తర్వాత కుటుంబ నియంత్రణ ఓపీలో కౌన్సెలింగ్ చేస్తూ నా సర్వీసంతా గడిచింది. అనుకోని గర్భం అనగానే జనానికి పెళ్ళికాని అమ్మాయే గుర్తొస్తుంది. మా ఓపీ ముందు బెంచీ మీద మాత్రం చంకలో బిడ్డ, చేతిలో పాలసీసా ఉన్నవాళ్ళే ఎక్కువగా కూర్చునేవారు. కాబట్టి ఇలా జరిగిందేమిటని సిగ్గుపడే పని లేదు.

పాలిస్తుంటే కడుపు రాదన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. దానికి మూడు షరతులున్నాయి: బిడ్డకి ఆరు నెలలు దాటకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు, నెలసరి తిరిగి మొదలై ఉండకూడదు. మూడూ ఒకేసారి ఉండాలి. తొమ్మిది నెలల పాప ఈపాటికి ఉగ్గు, ఇడ్లీ తింటూ ఉంటుంది, రాత్రి కాసేపు ఎక్కువ పడుకుంటుంది. ఆ రక్షణ ఎప్పుడో పోయింది. పైగా అండం విడుదలయ్యేది నెలసరికి ముందే కదా. కాన్పు తర్వాత మొదటి నెలసరి చూడకుండానే గర్భం నిలవడం చాలా మామూలు. ఈ సంగతి డిశ్చార్జి రోజున ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. చెప్పరు. బిడ్డకి టీకాల కార్డు ఇచ్చి పంపేస్తారు.

ఇప్పుడు కిట్ సంగతి. మీ ఆయన్ని షాపుకి పంపకు. ఆ మాత్రలు చెడ్డవని అనడం లేదు. సరైన వారాల్లో, సరైన మనిషికి, డాక్టరు చూసి ఇస్తే చాలా బాగా పనిచేస్తాయి. నీ విషయంలో ఆ వారాలే తెలియవు. మన దేశంలో ఆ కిట్‌ని తొమ్మిది వారాల లోపు గర్భానికే వాడాలి, అంటే చివరి నెలసరి మొదటి రోజు నుంచి 63 రోజులు. మా దగ్గరికొచ్చేవాళ్ళు "సంక్రాంతికి ముందు తలస్నానం చేశానమ్మా" అంటే, ఆ రోజు పట్టుకుని అట్టచక్రం తిప్పి వారాలు చెప్పేవాళ్ళం. నీకు చక్రం ఎక్కడ పెట్టి తిప్పాలో చెప్పే ఆ తేదీయే లేదు. ఐదు వారాలు కావచ్చు, పద్నాలుగూ కావచ్చు. నెల కూడా అయ్యుండదని నమ్మి వచ్చిన బాలింతకి స్కానింగ్‌లో నాలుగో నెల అని తేలడం నేను చూశాను. ఆవిడ ఆ సంగతి తెలియక ఇంట్లో కిట్ మింగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం.

రెండో కారణం నీ సిజేరియన్. ఆపరేషన్ అయిన గర్భాశయంలో, అరుదుగానే అయినా, పిండం సరిగ్గా ఆ పాత కుట్టు మచ్చలోనే నాటుకుంటుంది. అలా ఉన్నప్పుడు మాత్రలు వేసుకుంటే ఆగని రక్తస్రావం అవుతుంది. మూడోది ట్యూబులో గర్భం. దానికి ఈ మాత్రలు పనిచేయవు. మాత్ర వేసుకున్నాం, ఏదో కొంచెం బ్లీడింగ్ అయింది, పని అయిపోయిందని ధీమాగా ఉండగా లోపల ట్యూబు పగులుతుంది. ఈ రెండూ రెండు గీతల టెస్టులో కనబడవు. స్కానింగ్‌లోనే కనబడతాయి.

అందుకని తొందర పడాల్సింది స్కానింగ్‌కి. నిర్ణయానికి అంత తొందర లేదు. రేపో ఎల్లుండో వెళ్ళు. కోఠి సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి, పేట్లబురుజు, గాంధీ, ఏది దగ్గరైతే అది. దగ్గర్లో బస్తీ దవాఖానా ఉంటే అక్కడ చూపించుకుని రాయించుకున్నా సరే. నీకు తెలిసిన గైనకాలజిస్ట్ దగ్గరికైనా వెళ్ళు. పొద్దున్నే వెళితే ఓపీ చీటీ త్వరగా దొరుకుతుంది. పాత సిజేరియన్ డిశ్చార్జి కాగితం తప్పకుండా తీసుకెళ్ళు. ఏ కారణంతో ఆపరేషన్ చేశారో, గర్భాశయం మీద కోత ఎలా పెట్టారో అందులో ఉంటుంది. వారాలు తక్కువైతే లోపలి నుంచి చేసే స్కాన్ చేస్తారు, నొప్పేమీ ఉండదు. సుమారు ఐదో వారానికి గర్భసంచిలో తిత్తి, ఆరో వారం దాటాక గుండె చప్పుడు కనిపిస్తాయి. "ఇంకా ఏమీ కనబడటం లేదు, వారం పది రోజులాగి రండి" అంటే కంగారు పడకు, మరీ తొలిరోజులని కావచ్చు. కానీ ఈలోగా ఒక పక్క పొత్తికడుపులో పోటు, భుజం దగ్గర నొప్పి, కళ్ళు తిరగడం, బ్లీడింగ్ ఏది వచ్చినా అర్ధరాత్రయినా 108కి ఫోన్ చెయ్యి.

అదే రోజు హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు రాయించుకో. నీది నెగటివ్ గ్రూపు అయితే డాక్టరుకి ముందే చెప్పు. ఉంచుకున్నా, తీయించుకున్నా యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అన్నది చూస్తారు. ఏ నిర్ణయమూ తేలేదాకా ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ వేసుకో. వద్దనుకుంటే పోయేదేమీ లేదు, ఉంచుకుంటే బిడ్డకి మేలు. ఇక బొప్పాయి కాయ, నువ్వులూ బెల్లం, ఇంగువ కషాయం ఇవన్నీ ఎవరో ఒకరు చెప్తారు. వాటితో గర్భం పోదు, వారాలు పోతాయి. పల్లెల్లో ఆరెంపీ దగ్గర తెలియని ఇంజెక్షన్ చేయించుకుని, పుల్లలూ పుడకలూ పెట్టించుకుని చీముపట్టి వచ్చినవాళ్ళని మోసుకెళ్ళిన చేతులివి. ఆ దారి వైపు చూడకు.

వారాలు తేలాక ఏ తలుపులు తెరిచి ఉన్నాయో తెలుస్తుంది.

తొమ్మిది వారాల లోపు అయితే, మచ్చ దగ్గర ఏ ఇబ్బందీ లేదని స్కానింగ్‌లో తేలితే, మాత్రల పద్ధతి కుదురుతుంది. మొదట మిఫెప్రిస్టోన్ అనే ఒక మాత్ర, ఒకటి రెండు రోజుల తర్వాత మిసోప్రోస్టాల్ మాత్రలు. రెండోవి వేసుకున్న కొన్ని గంటల్లో కడుపు నొప్పి, నెలసరి కంటే ఎక్కువ బ్లీడింగ్, గడ్డలు పడటం ఉంటాయి. తర్వాత రెండు వారాల దాకా కొద్దికొద్దిగా మరకలు కనిపించవచ్చు. ఆ రోజు ఇంట్లో ఇంకొక మనిషి ఉండాలి, పాపని వాళ్ళకి అప్పగించాలి. ఇదేదో లాంఛనంగా చెప్పడం లేదు: బాత్రూమ్‌కీ మంచానికీ తిరుగుతూ తొమ్మిది నెలల పిల్లని ఎత్తుకోవడం అయ్యే పని కాదు. గంటకి రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసిపోతూ అలా రెండు గంటలు దాటితే, రోజు దాటినా జ్వరం తగ్గకపోతే, దుర్వాసన వస్తే, అసలు బ్లీడింగే రాకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. రెండు వారాల తర్వాత చూపించుకోవడం మానకూడదు. ఎక్కువమందికి పూర్తిగా అయిపోతుంది, కొద్దిమందికి లోపల ముక్కలు మిగిలి క్లీన్ చేయాల్సి వస్తుంది. ఇంకో సంగతి, అంతా అయిపోయాక కూడా కొన్ని వారాల పాటు మూత్రం టెస్టులో రెండు గీతలు రావచ్చు. అది చూసి మళ్ళీ కిట్ మింగినవాళ్ళున్నారు. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్ళకి, రక్తం గడ్డకట్టని జబ్బున్నవాళ్ళకి, చాలాకాలంగా స్టెరాయిడ్ మందులు వాడేవాళ్ళకి ఈ పద్ధతి ఇవ్వరు.

పన్నెండు వారాల వరకు వాక్యూమ్ పద్ధతి ఉంది. జనం 'క్లీనింగ్' అనేది దీన్నే. నిజంగా చేసే పని పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, చాలామంది సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోతారు. ఇనుప చెంచా లాంటి పరికరంతో గీకే పాత డీఅండ్‌సీ బదులు వాక్యూమ్ పద్ధతే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, కాబట్టి "ఏ పద్ధతిలో చేస్తారు డాక్టర్?" అని అడగడం నీ హక్కు. నీలా సిజేరియన్ అయి, ఇంట్లో చంటిపిల్ల ఉండి, సాయానికి ఎవరూ లేనప్పుడు నేనైతే దీనివైపే మొగ్గుతాను. ఒక్క రోజులో తేలిపోతుంది. పన్నెండు దాటితే ఆసుపత్రిలో చేరి చేయించుకోవాలి, కష్టం ఎక్కువ, అయినా సాధ్యమే.

చట్టం గురించి అడిగావు. మన దేశంలో అబార్షన్ చట్టం 1971 నాటిది, 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ నిబంధనల్లో చెప్పిన కొన్ని పరిస్థితుల్లో ఉన్నవాళ్ళకే. 24 దాటాక పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే తప్ప, లేదా తల్లి ప్రాణానికి వెంటనే ముప్పు ఉంటే తప్ప కుదరదు. గర్భనిరోధక పద్ధతి విఫలమవడం కూడా చట్టం ఒప్పుకున్న కారణమే. డాక్టరు నీ శరీరం, మనసు, ఇంటి పరిస్థితి మూడూ చూసి నిర్ణయిస్తారు. ఈ లెక్కలన్నీ ఇక్కడివి. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండి ఇది చదివే అమ్మాయిలు తమ రాష్ట్రం చట్టం విడిగా తెలుసుకోవాలి, టెక్సాస్‌లో అబార్షన్ దాదాపు పూర్తిగా నిషేధం.

సంతకం నీదొక్కటే. 18 దాటిన స్త్రీకి ఫారం 'సి' అనే సమ్మతి పత్రం మీద తన సంతకం తప్ప భర్తది, అత్తది, తండ్రిది ఎవరిదీ అక్కర్లేదు. అయినా "మీ ఆయన్ని పిలవమ్మా" అనే ఆసుపత్రులు ఇప్పటికీ ఉన్నాయి. రేపు గొడవ వస్తుందని వాళ్ళ భయం. ఒకసారి ఇలాగే భర్త కోసం ఒకామెని పొద్దున్నుంచి కూర్చోబెట్టారు. ఆయన లారీ మీద నాగపూర్ దాటిపోయాడు. చివరికి ఆమే లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళి "కడుపు నాది, సంతకం నాది, కాగితం ఇవ్వండి" అంది. ఇచ్చారు. నీకు అలాంటిది ఎదురైతే ఫారం సి ఇవ్వమని పేరుపెట్టి అడుగు. అప్పటికీ కాదంటే సూపరింటెండెంట్‌ని కలువు. నీ వివరాలు బయటపెట్టడం కూడా నేరమే, ఏడాది దాకా జైలు పడొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి కాకుండా ప్రైవేటుకి వెళితే మాత్రం వాళ్ళకి అబార్షన్ చేసే అనుమతి సర్టిఫికెట్ ఉందా అని చూసుకో.

ఇక ఉంచుకుంటే ఎలా ఉంటుందన్నది. దాన్ని భయపెట్టేలా చెప్పను, తేలిగ్గానూ చెప్పను. కాన్పు తర్వాత మళ్ళీ గర్భానికి కనీసం రెండేళ్ళ ఎడం ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నీకు ఏడాది కూడా కాలేదు. ఎడం తక్కువైతే రక్తహీనత, నెలలు నిండకుండా కాన్పు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటివి ఎక్కువ. సిజేరియన్ మచ్చ మీద ఇంత తొందరగా నొప్పులు వస్తే కుట్టు విడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి మళ్ళీ ఆపరేషనే అని ముందే చెప్పే అవకాశం ఎక్కువ. మాయ ఎక్కడ అతుక్కుందో స్కానింగుల్లో జాగ్రత్తగా చూడాలి. అన్నీ ఉన్న పెద్ద ఆసుపత్రిలో మొదటి నుంచీ చూపించుకోవాలి, ఊళ్ళో చిన్న నర్సింగ్ హోమ్ చాలదు. ఇన్ని చెప్పాను కదా, ఏడాదిన్నర తేడాతో ఇద్దరిని కని సుఖంగా ఇంటికి వెళ్ళినవాళ్ళు కూడా నా చేతుల మీదుగా చాలామందే ఉన్నారు. ఐరన్ మాత్రలు మానకుండా మింగి, చెకప్‌లకి వచ్చి, ఇంట్లో పని పంచుకునే మనుషులున్నవాళ్ళు వాళ్ళు. ఆ చివరి మాటే అసలు సంగతి.

ఉద్యోగం గురించి నువ్వు అడగలేదు, కానీ చెప్పాలి. ప్రసూతి సెలవు ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు జీతంతో వస్తుంది. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలన్నది షరతు. పాపకి ఆరు నెలలప్పుడు నువ్వు మళ్ళీ చేరి ఉంటే ఆ 80 రోజులు తేలిగ్గానే నిండుతాయి, కాబట్టి "ఇప్పుడే కదా సెలవు తీసుకున్నావు" అన్న మాటకి బెదరకు. చాలామందికి తెలియని ఇంకో సంగతి: అబార్షన్ అయితే కూడా ఆరు వారాల జీతంతో కూడిన సెలవుకి హక్కుంది, డాక్టరు కాగితం చూపించాలి. హెచ్చార్‌కి చెప్పడం ఇష్టం లేక మామూలు సిక్ లీవు పెట్టుకునేవాళ్ళే ఎక్కువ, అది వాళ్ళ ఇష్టం. ఉన్న హక్కు తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు.

ఇప్పుడు మీ ఇంటి మనుషుల దగ్గరికి వద్దాం.

అత్తగారి మాట. మగపిల్లాడేమో అన్న ఆశతో ఉంచుకున్న కడుపు, పుట్టింది ఆడపిల్లని తెలిసిన రోజున తల్లి మీదికి ఎలా తిరుగుతుందో లేబర్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డ నర్సులందరికీ తెలుసు. బయట స్వీట్లు పంచడానికి తెచ్చిన పెట్టె విప్పకుండానే వెనక్కి వెళుతుంది. ఉంచుకుంటే ఎవరు పుట్టినా కావాలనుకునే ఉంచుకో. ముందే తెలుసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే అది 1994 చట్టం కింద నేరం. చెప్పిన డాక్టరుకే కాదు, అడిగిన ఇంటివాళ్ళకీ మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. స్కానింగ్‌కి ముందు నీ చేత సంతకం చేయించే ఫారం 'ఎఫ్'లో ఉండేది ఆ మాటే, నాకు బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని.

మీ ఆయన "నీ ఇష్టం" అన్నారు. వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుంది. నాకు మాత్రం చాలాసార్లు అది బాధ్యత దులుపుకునే మాటలా వినబడింది. రేపు ఉంచుకుని కష్టపడితే "నువ్వే కదా అన్నావు", తీయించుకుని ఏడిస్తే "నువ్వే కదా అన్నావు". నిర్ణయం నీదే, అందులో సందేహం లేదు. కానీ దాని బరువు ఇద్దరిదీ. కూర్చోబెట్టి గట్టిగా అడుగు. ఉంచుకుంటే రాత్రి పూట పాపకి ఎవరు లేస్తారు? ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు నేను పాపని ఎత్తకూడదంటే ఎవరు ఎత్తుతారు, మీ అమ్మగారు వచ్చి ఉంటారా, ఎన్నాళ్ళుంటారు? నా జీతం ఆగిపోతే ఈఎంఐ ఎలా? తీయించుకుంటే ఆ రోజు సెలవు పెట్టి పక్కన ఉంటావా, మీ అమ్మకి నువ్వు చెప్తావా నేను చెప్పాలా? ఈ ప్రశ్నలకి వచ్చే జవాబుల్లోనే సగం నిర్ణయం తేలిపోతుంది. నీకు సమాధానం చెప్పకుండా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే, అదీ ఒక జవాబే.

మనసు ఎటూ తేలనివాళ్ళకి నేనొక పని చెప్పేదాన్ని. ఒక రోజంతా ఉంచుకున్నట్టే అనుకుని గడుపు. పొద్దున్న లేచి వంట చేస్తూ, ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని, రాత్రి పాపని జోకొడుతూ, కడుపులో ఇంకొకరు ఉన్నారు, ఉంటారు అనుకో. మర్నాడంతా వద్దనుకుని తేల్చేసినట్టే గడుపు. ఎవరికీ చెప్పకు. ఏ రోజు రాత్రి నిద్ర పట్టిందో నీకే తెలుస్తుంది. అందరికీ ఇది పనిచేయదు, కొందరికి రెండు రాత్రులూ నిద్ర పట్టదు. అలాంటివాళ్ళు కౌన్సెలర్‌తో మాట్లాడటం మేలు. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్, దాని నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. నిన్ను ఒక మాట అడగాలి: ఈ గీతలు రాకముందు నుంచే ఊరికే ఏడుపు వస్తోందా, పాప పడుకున్నా నీకు నిద్ర రావడం లేదా, ఏదీ ఇష్టంగా లేదా? అయితే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకి అది కూడా చెప్పు. ఇంట్లో ఒత్తిడి మాటలు దాటి చేయి చేసుకునేదాకా వస్తే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి.

పాపం అంటారు కొందరు. ఆ విషయంలో నేను ఎవరి నమ్మకం జోలికీ వెళ్ళను. నీ నమ్మకం నీకు ముఖ్యమైతే అది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే, పక్కింటావిడ నమ్మకం అక్కర్లేదు. నేను చూసింది చెప్తాను: తీయించుకున్నాక చాలామందికి ముందు వచ్చేది పెద్ద ఊరట. కొందరికి దానితోపాటు దుఃఖమూ వస్తుంది. రెండూ ఒకే మనిషికి ఒకే సాయంత్రం రావచ్చు. ఏడ్చినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. సరైన చోట, సరైన పద్ధతిలో చేయించుకుంటే మళ్ళీ పిల్లలు పుట్టరన్న భయం అక్కర్లేదు.

దత్తత గురించి నువ్వు రాయలేదు, పెళ్ళైనవాళ్ళు ఎవరూ దాదాపు రాయరు. అయినా ఇది చదివే ఇంకెవరికో పనికొస్తుంది. కని, పెంచలేని పరిస్థితి ఉంటే జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డని అప్పగించవచ్చు. భార్యాభర్తలైతే ఇద్దరి సంతకాలూ కావాలి, పెళ్ళికాని తల్లికి తనదొక్కటే చాలు. మనసు మార్చుకోవడానికి 60 రోజులు గడువుంటుంది. ఆసుపత్రిలో ఎవరో "పిల్లల్లేనివాళ్ళున్నారు, డబ్బులిస్తారు" అని చెవిలో చెప్తే నమ్మవద్దు, అది బిడ్డని అమ్మడం కిందికే వస్తుంది.

పెళ్ళికాని అమ్మాయిలు ఇది చదువుతుంటే వాళ్ళకీ నాలుగు మాటలు. కోఠిలో కొన్న నల్లపూసలు వేసుకుని, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని వచ్చేవాళ్ళు. గొలుసు కొత్తదని చూడగానే తెలిసిపోయేది, మేం పట్టించుకోనట్టే ఉండేవాళ్ళం. ఆ వేషం అక్కర్లేదు. 2021 సవరణలో 'భర్త' అన్న చోట 'భాగస్వామి' అని మార్చారు, 24 వారాల వరకు ఉన్న అవకాశం పెళ్ళికానివాళ్ళకీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న తీర్పు చెప్పింది. 18 నిండితే అమ్మానాన్నల సంతకం అవసరం లేదు. నిండకపోతే సంరక్షకుల సంతకం కావాలి, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం వల్ల పోలీసులకి చెప్పడం తప్పదు. కానీ అమ్మాయి, సంరక్షకులు కోరితే ఆమె పేరూ వివరాలూ ఆ సమాచారంలో ఇవ్వనక్కర్లేదని అదే తీర్పులో ఉంది. ఈ భయంతోనే వారాలు గడిపేసి ఐదో నెలలో వచ్చేవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఉంచుకుని ఒంటరిగా పెంచుతానన్నా, తండ్రి పేరు చెప్పమని తల్లిని బలవంతపెట్టకుండానే జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

మళ్ళీ నీ దగ్గరికి. ఏది చేసినా, తర్వాత ఏమిటన్నది ఆ రోజే తేల్చుకుని రా. అబార్షన్ తర్వాత రెండు వారాల్లోనే అండం మళ్ళీ విడుదల కావచ్చు, నెలసరి వచ్చాక చూద్దాం అంటే ఇదే కథ. వాక్యూమ్ పద్ధతి అయితే అదే టేబుల్ మీద కాపర్-టి వేయించుకోవచ్చు. పల్లెల్లో లూప్ అంటారు, పాలకి ఏ ఇబ్బందీ ఉండదు, కావాలన్నప్పుడు తీయించుకోవచ్చు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, హార్మోన్లు లేని ఛాయ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఛాయ మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకటి. "అబార్షన్ చేస్తాం కానీ కు.ని. ఆపరేషన్ కూడా చేయించుకోవాలి" అని ఎవరైనా షరతు పెడితే ఒప్పుకోకు, అలా ముడిపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంక పిల్లలు వద్దని ఇద్దరూ నిశ్చయించుకున్న రోజున మీ ఆయనకి చేసే కోత లేని వేసెక్టమీ నీకు చేసే ఆపరేషన్ కంటే చాలా చిన్నది, ఆ మాట ఆయన చెవిన వెయ్యి. తెలుగిళ్ళల్లో ఆ ఊసెత్తితే మగవాళ్ళు లేచి వెళ్ళిపోతారని తెలుసు, అయినా వెయ్యి.

చివరగా పాలు. మానిపించనక్కర్లేదు. వాక్యూమ్ పద్ధతి అయితే మత్తు దిగి నువ్వు తేరుకున్నాక మామూలుగా ఇవ్వొచ్చు. మాత్రలైతే పాలలోకి వెళ్ళేది కొద్దిగానే, సాధారణంగా ఆపమని చెప్పరు. కొందరు డాక్టర్లు రెండో మాత్రల తర్వాత కొన్ని గంటలు ఆగమంటారు, ఎందుకంటే పాపకి కాస్త విరేచనాలు కావచ్చు. ముందే పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఆ పూటకి సరిపోతాయి, ఎలాగూ తొమ్మిది నెలల పిల్ల ఇంత పెరుగన్నం తింటుంది. ఉంచుకున్నా కూడా కడుపుతో ఉండి పాలివ్వడం తప్పేమీ కాదు, "పాలు విషమైపోతాయి" అనే మాట పట్టించుకోకు. నాలుగో నెల, ఐదో నెల వచ్చేసరికి పాలు తగ్గుతాయి, రుచి మారి కొందరు పిల్లలు వాళ్ళే మానేస్తారు. నువ్వు మాత్రం ఒక ముద్ద ఎక్కువ తినాలి. స్కానింగ్ రిపోర్టు వచ్చాక ఎన్ని వారాలో, తిత్తి ఎక్కడ ఉందన్నారో, హిమోగ్లోబిన్ ఎంతో రాయి, చూసి చెప్తాను.